పత్రికలు, ప్రభుత్వములు, పల్లె పెద్దలు



నేను కాటారము చుట్టుపట్ల పల్లెలలో ముప్పది యేండ్లకు పైగా బాలురకు తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. వ్యాకరణము నా విద్య, రాజకీయములు నా విద్య కావు. అయినను నేడు వాక్స్వాతంత్ర్యమును గూర్చి, అందునను ప్రజలచే నెన్నుకోబడిన పాలకులకును, పత్రికలు, టీవీలు నడుపు పెద్ద వ్యాపారసంస్థలకును నడుమ మన తెలుగుదేశమున జరిగిన కలహములను గూర్చి మీతో ముచ్చటింప సాహసించుచున్నాను. ఇది పెద్దవారి తగవు, మనకేల యని మీ రనవచ్చును. ఏనుగులు పోరాడునప్పుడు నలుగునది క్రిందనున్న గడ్డియే. ఆ గడ్డి మన మగుటచే ఈ విషయము మనకు గావలయును.

మొదట మా యింట జరిగిన చిన్న సంగతి చెప్పెదను. 2014 జూన్ మాసమున, తెలంగాణ రాష్ట్ర మేర్పడి రెండు వారములు గడిచిన పిదప, ఒకనాటి సాయంకాలము వార్తలకై టీవీ పెట్టితిని. రెండు ఛానళ్లు రాలేదు. తీగ వదులైనదేమో యని కదల్చి చూచితిని. తక్కినవన్నియు వచ్చుచుండెను. మరునాడు కేబులు నడుపు యువకుడు కనబడగా నడిగితిని. "పై నుంచే వస్తలేవు సారూ, మా చేతుల ఏం లేదు" అని యాతడు పలికెను. ఆ "పైన" అనునది యెక్కడ నున్నది? ఎవరు దానిని మూసిరి? మూయు మని చెప్పిన దెవరు? నేటి నా ప్రసంగ మంతయు ఈ మూడు ప్రశ్నలకు వ్యాఖ్యానమే.

పూర్వకాలమున ఈ తగవు వేఱు రూపమున నుండెడిది. ఒక ప్రక్క రాజు, ఒక ప్రక్క కలము పట్టిన మనుష్యుడు. 1922లో మన మానుకోట ప్రాంతమునందలి ఇనుగుర్తి గ్రామమున ఒద్దిరాజు సోదరులు, సీతారామచంద్రరావుగారును రాఘవరంగారావుగారును, తెనుగు పత్రికను స్థాపించిరి. పట్టణము కాదు, ఒక పల్లె! 1926లో హైదరాబాదున సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రిక నారంభించిరి. నిజాము ప్రభుత్వమున సభ జరుపవలెనన్నను అనుమతి గావలసిన కాలమది. 1948 ఆగష్టు మాసమున ఇమ్రోజ్ అను ఉర్దూ పత్రికకు సంపాదకుడగు షోయబుల్లాఖాను, తన వ్రాతలకు గాను, రాత్రివేళ హైదరాబాదు వీథిలో హత్య చేయబడెను. అప్పుడు మాట నాపదలచిన వారికి మార్గము సూటిగ నుండెను: పత్రికను నిషేధించుట, మనుష్యుని బంధించుట, లేదా చంపుట.

1950లో మన రాజ్యాంగ మమలులోనికి వచ్చెను. అందు 19వ అధికరణము ప్రతి పౌరునకును వాక్స్వాతంత్ర్యము నొసగినది. దేశభద్రత, శాంతిభద్రతలు, మర్యాద, పరువునష్టము, కోర్టుధిక్కారము మొదలగు కారణములచే, శాసనము ద్వారా, సహేతుకమైన హద్దులు విధింపవచ్చు ననియు అందే కలదు. కావున నేటి పాలకుడు నిజాము వలె నుత్తరు వీయజాలడు. అట్లిచ్చినచో కోర్టు కొట్టివేయును. మఱి మాట నాపదలచిన పాలకుడు నే డేమి చేయును? ఇది తెలియుటకు ముందు పత్రిక యెట్లు బ్రతుకునో, టీవీ మన యింటికెట్లు వచ్చునో తెలియవలెను.

మన మిచ్చు వెలతో దినపత్రికకు కాగితపు ఖర్చే తీరుట కష్టము. దానిని పోషించునవి ప్రకటనలు. ప్రకటన లిచ్చువారిలో ప్రభుత్వమే పెద్దది. పత్రిక యజమానికి తఱచుగా వేఱు వ్యాపారములు నుండును: చిట్టీలు, సినిమాలు, భూములు, గుత్తపనులు. వీని కన్నిటికి ప్రభుత్వపు అనుమతులు గావలెను. ఇక టీవీ సంగతి. హైదరాబాదున తీసిన బొమ్మ ఉపగ్రహమున కెక్కి, అచ్చటినుండి దిగి, పెద్ద కేబులు కంపెనీల కేంద్రమునకు వచ్చును. ఆ కంపెనీలను ఎమ్మెస్వో లందురు. అచ్చటినుండి మన యూరి కేబులువానికి, వానినుండి మన యింటికి. మన చెఱువు నీరు పెద్దతూము, పిల్లకాలువ, మడి యని వచ్చినట్లే. చెఱువు నిండ నీరున్నను తూమువాడు దించకున్న మడి యెండును. నాటి పాలకులు చెఱువునే గండికొట్టిరి. నేటివారి కంత పని లేదు. తూమువాని వైపు ఒకమారు చూచిన చాలును.

ఇక మన తెలుగునాట జరిగిన కలహములలో ముఖ్యమైనవి చెప్పెదను.

మొదటిది 1983 నాటిది. ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో జరిగిన యల్లరిని గూర్చి ఈనాడు పత్రిక "పెద్దల గలభా" అను శీర్షికతో వార్త ప్రచురించెను. మండలిని పెద్దల సభ యందురు గదా. గలభా యను మాట సభకు అగౌరవ మని సభ్యు లలిగిరి. ఇందు రాజకీయమును గలదు. ఆ సంవత్సరమే ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రి యైరి. ఈనాడు ఆయనకు బాసటగా నిలిచిన పత్రిక. మండలిలోనో కాంగ్రెసువారిది పైచేయి. సభాహక్కులకు భంగము కలిగిన దని తేల్చి, పత్రికాధిపతి రామోజీరావుగారిని సభ ముందునకు రప్పించి మందలింప నిశ్చయించిరి. ఆయన సుప్రీంకోర్టు నాశ్రయించెను. 1984లో కోర్టు నిలుపుదల యుత్తరు విచ్చెను. సభా వ్యవహారమున కోర్టు జోక్యము చెల్లదని మండలి పక్షము. ఆయనను కొనిరమ్మని సభాధ్యక్షుని యాజ్ఞ, తాకవలదని న్యాయస్థానపు టాజ్ఞ. నడుమ పోలీసులు! తుదకు సమావేశములు ముగియుటతో చిక్కు విడిపోయెను. ప్రశ్న మాత్రము విడిపోలేదు. మఱుసటి సంవత్సరము మండలియే రద్దయ్యెను. అది మరల 2007లో గాని యేర్పడలేదు.

ఆ దినములలో నేను విద్యార్థిని. మా గురువుగారు ఆ శీర్షికను మాచే చదివించి, గలభా యను పదమునకు సందడి యనియు, అల్లరి యనియు నర్థములు చెప్పి, "అల్లరి జరిగినదా లేదా యనునది ప్రశ్న గాని, దానిని అల్లరి యనవచ్చునా యనునది ప్రశ్న కారాదు" అనిరి. ఈ వాక్యమును నేను మఱువలేదు. మీరును దీనిని కొంచెము జ్ఞాపక ముంచుకొనుడు.

రెండవది 2006లో మొదలైనది. వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు ముఖ్యమంత్రి. ఈనాడు, ఆంధ్రజ్యోతి పత్రికలు ఆయన ప్రభుత్వమును తీవ్రముగా విమర్శించుచుండెను. ఆ రెండు పత్రికలు అని ఆయన సభలలో నెత్తిపొడుచుట మీరు వినియే యుందురు. ఆ సమయమున కాంగ్రెసు పార్లమెంటు సభ్యుడగు ఉండవల్లి అరుణకుమారుగారు, రామోజీరావుగారి మార్గదర్శి ఫైనాన్షియర్సు సంస్థ రిజర్వు బ్యాంకు చట్టమునకు విరుద్ధముగా ప్రజలనుండి డిపాజిట్లు సేకరించిన దని ఫిర్యాదు చేసిరి. ఆ డిపాజిట్లు సుమారు 2,600 కోట్ల రూపాయలు. ప్రభుత్వము విచారణకు పూనుకొనెను. ఇది పగ యని పత్రిక వారనిరి. పత్రిక యున్న మాత్రమున చట్టము వర్తింపదా యని ప్రభుత్వము వారనిరి. ఈ వ్యాజ్యము 2018 డిసెంబరు 31న హైకోర్టులో కొట్టివేయబడెను. 2024 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చి మరల విచారింపు మని తెలంగాణ హైకోర్టునకు పంపెను. అదే సంవత్సరము జూన్ 8న రామోజీరావుగారు కాలధర్మము నొందిరి. 2007లో అదే ప్రభుత్వము, అసత్యవార్తలు వ్రాయు పత్రికలపై వ్యాజ్యము వేయుటకు 938వ సంఖ్య గల ఉత్తరువు నిచ్చి, పత్రికలవారి నిరసన చూచి దానిని నిలిపివేసెను. 2008 మార్చిలో ముఖ్యమంత్రిగారి కుమారుని సాక్షి పత్రిక బయలుదేరెను. నాటినుండి తెలుగు పాఠకుని యింటిలో ఒక్కొక పక్షమున కొక్కొక పత్రిక యైనది.

ఈ వ్యాజ్యమున రెండు ప్రశ్న లున్నవి. సంస్థ చట్టమును మీఱినదా? ఇది యొకటి. మీఱినను, మీఱకున్నను, ఫిర్యాదు ఆ సమయముననే యేల వచ్చెను? ఇది రెండవది. మొదటి దానికి కోర్టు బదులు చెప్పవలెను. రెండవ దానికి బదులు మనము వెదకికొనవలెను. ఒకదానికి చెప్పిన బదులు రెండవదానికి జెల్లదు. ఈ రెంటిని కలిపి మాటలాడుటచేతనే మన రచ్చబండ వాదములు తెగకుండ నుండును.

మూడవది మా యింటి టీవీ కథ. 2014 జూన్‌లో టీవీ9 ఛానలు క్రొత్త తెలంగాణ శాసనసభ్యులను హేళన చేయు కార్యక్రమమొకటి ప్రసారము చేసెను. ఆంధ్రజ్యోతి వారి ఏబీఎన్ ఛానలు పైనను ఇట్టి యాక్షేపణలే వచ్చెను. శాసనసభ యీ విషయమును చర్చించి, చర్య గైకొనుటకు సభాపతికి అధికార మొసగెను. నాటి సభాపతి మన భూపాలపల్లి శాసనసభ్యుడగు సిరికొండ మధుసూదనాచారిగారు. టీవీ9 వారు క్షమాపణ చెప్పికొనిరి. అయినను కేబులు కంపెనీలవారు ఆ రెండు ఛానళ్లను తెలంగాణమున ఆపివేసిరి. ఇది మా స్వంత నిర్ణయ మని కంపెనీ లనెను. మాకు సంబంధము లేదని ప్రభుత్వ మనెను. అట్లు నెలల తరబడి సాగెను. 2014 సెప్టెంబరు 9న వరంగల్లులో కాళోజీ నారాయణరావుగారి శతజయంతి సభ జరిగెను. నిజాము కాలమున మాటకై చెరసాల కేగిన కవి యాయన. ఆ దినముననే ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుగారు, తెలంగాణమును అవమానించు ఛానళ్లను భూమిలో పాతిపెట్టెదమను అర్థము వచ్చునట్లు హెచ్చరించి, కేబులువారిని మెచ్చుకొనిరి. ప్రెస్ కౌన్సిలు ఈ విషయమును విచారించుటకు ఒక సంఘము నేర్పరచెను.

ఇచ్చట నా మనస్సులోని మాట దాచను. ఆ కార్యక్రమమును గూర్చి విన్నప్పుడు నాకును నొచ్చినది. మన భాషను సినిమాలలోను పత్రికలలోను విదూషకుని భాషగా జేసి నవ్వుట మనము రెండు మూడు తరములు చూచితిమి. ఆ గాయము నిజమైనది. కాని గాయపడినవానికి చట్ట మొక త్రోవ చూపినది. 1995 నాటి కేబులు టీవీ చట్టము ప్రకారము వైషమ్యము గలిగించు కార్యక్రమమును నిషేధించుటకు అధికారి యుత్తరు వీయవచ్చును. శాసనసభకు తన హక్కు లున్నవి. పరువునష్టపు దావా కలదు. కేబులు కంపెనీ ఛానలు నాపదలచినచో మూడు వారముల ముందు నోటీసు ఈయవలెనని నియమము కలదు. ఈ త్రోవ లన్నిటికి ఒక సామాన్య లక్షణము గలదు: కాగితముపై నుండును, సంతకముండును, దానిపై నప్పీలు చేయవచ్చును. అట్టి కాగితము లేకయే మా యింట బొమ్మ యాగిపోయినది. మొదటినుండి నే నడుగుచున్న "పైన" అను చోటికి చిరునామా లేదు. చిరునామా లేనివానిపై ఫిర్యాదెట్లు చేయుదుము?

ఇది తెలంగాణమున కొక్క పార్టీ చేసిన పని యనుకొనరాదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. జగన్మోహనరెడ్డిగారి ప్రభుత్వము వచ్చిన పిదప టీవీ5, ఏబీఎన్ ఛానళ్లు కేబులులలో నాగిపోయెను. పునరుద్ధరింపు మని టెలికాం వివాదముల న్యాయాధికరణము చెప్పవలసి వచ్చెను. అదే సంవత్సరము అక్టోబరులో పత్రికలపై వ్యాజ్యములు వేయు అధికారమును శాఖల కార్యదర్శుల కిచ్చుచు 2430వ ఉత్తరువు వెలువడెను. 2024 జూన్‌లో ప్రభుత్వము మారెను. తెలుగుదేశము కూటమి వచ్చెను. వెంటనే టీవీ9, సాక్షి, ఎన్‌టీవీ, 10టీవీ ఛానళ్లు అక్కడి కేబులులలో కానరాకపోయెను. టీవీ9ను మరల చూపు మని ఢిల్లీ హైకోర్టు పదునైదు కేబులు కంపెనీల కాజ్ఞాపించెను. చూచితిరా! ఆగిన ఛానళ్లు మాఱినవి, మెచ్చుకొన్నవారు మాఱిరి, ఆపిన విధము మాత్రము మాఱలేదు. నిన్న చప్పట్లు చరచినవాడు నేడు న్యాయస్థానపు మెట్లెక్కెను.

ఈ జాడ్యము మన యొక్కరిదే కాదు. అమెరికా దేశమున ఫ్లారిడా యను రాష్ట్రము కలదు. అచ్చట గవర్నరు మన గవర్నరు వంటివాడు కాడు, ప్రజలచే నెన్నుకోబడువాడు. అచ్చటి డిస్నీ కంపెనీ పిల్లల బొమ్మల సినిమాలకును, వినోదవనములకును ప్రసిద్ధి. 1967 నుండి ఆ కంపెనీ భూములున్న సుమారు 25,000 ఎకరముల ప్రాంతమునకు ప్రత్యేక పాలనామండలి యుండెను. రోడ్లు, అగ్నిమాపకదళము మొదలగునవి దాని యధీనము. 2022లో ప్రాథమిక తరగతులలో లైంగిక విషయముల బోధనను నియంత్రించు శాసనము నొకదానిని గవర్నరు రాన్ డిశాంటిస్ తెచ్చెను. కంపెనీ దానిని బహిరంగముగా వ్యతిరేకించెను. వెంటనే ఆ ప్రత్యేక మండలిని రద్దుచేయు శాసనము పుట్టెను. 2023లో దాని పాలనాధికారము గవర్నరు నియమించినవారి చేతికి పోయెను. మాటలాడినందుకు శిక్షించితి రని కంపెనీ దావా వేసెను. ఒక ప్రైవేటు కంపెనీకి స్వంత ప్రభుత్వమేల యని గవర్నరు పక్షము. 2024 జనవరిలో దిగువ కోర్టు, శాసనము పైకి నిర్దోషముగా నున్నప్పుడు శాసనకర్తల మనస్సు లోతులు వెదకజాలమని దావాను త్రోసివేసెను. మార్చిలో ఉభయులు రాజీపడిరి.

మన సుప్రీంకోర్టు ఇట్టి తావున మఱియొక విధముగా నడచినది. 1980లో ఢిల్లీలో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక భవనమును గూర్చి, స్థలపు కవులు రద్దనియు, కట్టడము కూల్చుమనియు నోటీసులు వచ్చెను. ఆ పత్రిక నాటి ప్రభుత్వమును విమర్శించునది. 1985లో సుప్రీంకోర్టు ఆ నోటీసులను కొట్టివేసెను. భవనపు తగవు మాటున దాగినది పత్రికపై కక్ష యని తీర్పులో చెప్పబడెను. అంతకు ముందు 1961లో సకాల్ అను మరాఠీ పత్రిక వ్యాజ్యమునందు, వ్యాపారమును క్రమపరచు నెపమున వాక్స్వాతంత్ర్యమును తగ్గింపజెల్లదని అదే కోర్టు తీర్పు చెప్పెను.

ఇంత చెప్పితిని గనుక పత్రికాధిపతులు ఋషులని నేను భావించుచున్నట్లు తలపవలదు. 2009 ఎన్నికలలో అభ్యర్థులయొద్ద సొమ్ము గైకొని, ప్రకటనను వార్తగా వేసిన పత్రికలు మన రాష్ట్రమునను ఉండెను. ఈ పెయిడ్ న్యూసు వ్యవహారమును ప్రెస్ కౌన్సిలు ఉపసంఘమును నియమించి విచారించెను. యజమాని వ్యాపారమునకు నష్టమగు వార్త యాతని పత్రికలో కానరాదు. విలేఖరి స్వేచ్ఛను ప్రభుత్వము కంటె ముందు యజమానియే హరించుట కలదు. కాబట్టి ఈ పోరున ఒకడు రాముడును ఒకడు రావణుడును గారు. అయిన నేమి? 1995లో సుప్రీంకోర్టు క్రికెట్ ప్రసారముల వ్యాజ్యమునందు, ఆకాశతరంగములు ప్రజలందరి సొత్తనియు, వాక్స్వాతంత్ర్యమున తెలిసికొను హక్కును ఇమిడియున్న దనియు చెప్పెను. నోటికి మాత్రమే కాదు, చెవికిని హక్కు కలదు. తగవు కంపెనీది. ఆగినది మన చెవి.

ఆర్యులారా! ఇంతవఱకు ముఖ్యమంత్రులను గూర్చియు కోటీశ్వరులను గూర్చియు చెప్పుట సులభముగనే యున్నది. ఇకమీద చెప్పునది నాకు కష్టము.

చాల యేండ్ల క్రిందట నేను పనిచేసిన యొక పల్లెలో చెఱువు చేపలు వేలము వేయగా వచ్చిన సొమ్ము ఊరుమ్మడి నిధిలో జమయైనది. ఒక రైతు గ్రామసభలో లేచి ఆ సొమ్మునకు లెక్క చెప్పు మనెను. ఆతడు నోరు దురుసువాడు, అడుగవలసినదాని కంటె నొక మాట యెక్కువ యాడెను. పెద్దలకు కోపము వచ్చినది. ఆ రాత్రి కూడిరి. నన్నును పిలిచిరి. ఆతనికి కిరాణాకొట్టులో సరకీయరాదు, గిరణిలో వడ్లు పట్టరాదు, హోటలులో చాయ పోయరాదు, మాటలాడినవానికి జరిమానా అని నిశ్చయించిరి. ఒక పెద్దమనిషి నా వైపు దిరిగి, "సారూ, మీ దస్తూరి మంచిగుంటది, తీర్మానం రాయుండ్రి" అనెను. నేను కలము తీసితిని. అంతలో మఱియొకడు, "కాయితమెందుకు? రేపు పోలీసు కేసయితది. మాట చాలు" అనెను. అందఱు నవ్విరి. నేను కలము జేబులో నుంచుకొంటిని. వ్రాయవలసిన పాపము తప్పినదని సంతోషించితిని! అంతే గాని, వ్రాయుటకు వెఱచిన శిక్ష శిక్ష కాదు, కక్ష యని ఒక్క మాట యనలేదు.

ఆతని కూతురు నా తరగతిలో నుండెను. మఱునాటినుండి ఆమె ప్రక్కను ఎవరును కూర్చుండలేదు. నేను పాఠము చెప్పుచునే యుంటిని. ఆతడు ఎడ్లబండిపై వడ్లను వేఱొక యూరి గిరణికి తోలుకొనిపోవుట పాఠశాల కిటికీనుండి చూచితిని. కొన్నాళ్ల కాతడు పెద్దల యెదుట తప్పొప్పుకొని జరిమానా కట్టెను. ఆ చేపల సొమ్ము లెక్క యేమాయెనో నాకు నేటికిని తెలియదు. నే నాయూర నున్నంతకాలము దాని నడుగుటకు మఱెవరును లేవలేదు.

2014లో కేబులు యువకుడు "పై నుంచే వస్తలేవు" అన్నప్పుడు నాకు స్ఫురించినది ఆ రాత్రియే. కాగితము లేని శిక్ష. ఆజ్ఞాపించినవాడు కానరాడు. అమలు జరిపినవాడు నా చేతిలో నేమియు లేదనును. కిరాణాకొట్టువాడును కేబులు కంపెనీయు ఒక్క మాటయే పలికిరి. చూచుచు కూర్చున్న పంతులును ఆ రాత్రి నుండెను. పెద్ద కోటలో జరుగునది మన చావడిలో నెన్నడో నేర్చుకొన్న విద్యయే.

భారతకథ మీకు నాకంటె బాగుగ తెలియును. నచ్చని హితము చెప్పిన విదురుని ధృతరాష్ట్రుడు, ఇష్టమున్నచోటికి పొమ్మని పంపివేసెను. పిదప తానే పరితపించి, సంజయునిచే మరల బిలిపించుకొనెను. గ్రుడ్డిరాజునకు సైతము ఆ మాట వినబడక తోచలేదు. విదురుడు సత్పురుషుడు, మన పత్రికలు విదురులు కావు, నిజమే. కాని మాట లేకపోయినప్పుడు కలుగు చీకటి ఒక్కటియే.

కావున ఇట్టి కలహము వినబడినప్పుడు, అది రాష్ట్రమున గాని మన యూర గాని, నాలుగు ప్రశ్నలు వేసికొనుడని నా మనవి. మొదటిది: చేసిన చర్యకు సంతకముతో గూడిన కాగితము కలదా? రెండవది: చర్యకు ముందు ఎదుటివాని మాట విన్నారా? మూడవది: తప్పెక్కడ జరిగెనో శిక్ష యక్కడనే పడినదా, లేక మాట తప్పునకు భూమిపైనను, భూమి తప్పునకు మాటపైనను పడినదా? నాలుగవది: ఆతడు నిందింపక పొగడియుండిన, ఇదే చర్య జరిగియుండెడిదా? ఈ నాల్గవ ప్రశ్నను మన పక్షము వారు చేసినప్పుడు వేసికొనుట కష్టము. అప్పుడే వేసికొనవలెను. ఎదుటి పక్షము చేసినప్పుడు అందఱును వేయుదురు. ఈ నాల్గింటికిని సరియైన బదులు వచ్చినచో, శిక్షింపబడినవాడు ఎంత గొప్ప కంపెనీ యైనను జాలిపడ నక్కఱలేదు. పత్రిక నడుపుట చట్టమునుండి తప్పించుకొను తాయెత్తు కాదు. బదులు రాకున్నచో, ఆతడు మనకెంత గిట్టనివాడైనను మనము నోరు విప్పవలెను.

నేను మీకు నీతి చెప్పదగినవాడను కాను. కలము జేబులో నుంచుకొన్నవాడను. ఇది ప్రభుత్వమును గూర్చి మాత్రమే చెప్పినదని మీరు విని యూరకుండకుండుటకే నా కథ చెప్పితిని. మీ చావడిలో ఎవడైన లేచి, దురుసుగ నైనను, లెక్క యడిగినప్పుడు, మొదట లెక్క చదువుడు. ఆతని నోటిని గూర్చిన విచారము తరువాత చేయవచ్చును.